ఎన్నేండ్లొస్తది?

ప్లాస్టిక్‌ను లాగి తెంపడం, అది తెగిన తీరును లెక్కల్లో పెట్టి కంప్యూటర్‌కు అప్పజెప్పడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో చేస్తాను. సొంతూరు ఆర్మూర్ పక్కన. ఊళ్లో ఈ పని గురించి వివరించడం ఎప్పుడో మానేశాను. బకెట్లు, కుర్చీలు చేస్తాననుకుంటారు, అనుకోనిస్తాను.

మా మేనమామ మాత్రం అంత తేలిగ్గా వదలడు. బోరు దగ్గర నుంచి పసుపు చేను దాకా నల్ల హెచ్‌డీపీఈ పైపు వేయించాలని ఆర్మూర్‌లో ధర మాట్లాడుకుని, దుకాణం ముందు నిలబడే ఫోన్ చేశాడు. "అల్లుడా, ఈయన యాభై ఏండ్లొస్తదంటున్నడు. నువ్వు అండ్లనే పనిజేస్తవు గద, నిజమేనా?"

"వాడకాన్ని బట్టి ఉంటది మామా" అన్నాను. అబద్ధం కాదు. కానీ అదే ప్రశ్న ఆఫీసులో ఎవరైనా అడిగితే నేనట్లా నీళ్లు నమలను. గ్రాఫు గీసి, కింద భద్రతా గుణకం వేసి సంతకం పెడతాను. ముక్కూమొహం తెలియని వాళ్ల డబ్బు దగ్గర ఉండే ధైర్యం మా మామ డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందన్నది నన్ను కొన్నాళ్లుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆ యాభై ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు బాగా తెలుసు. పైపు మీద 'పీఈ 100' అని అచ్చు వేసి ఉంటుంది. లోపల 20 డిగ్రీల నీళ్లు, గోడలో 10 మెగాపాస్కళ్ల ఒత్తిడి, అట్లాగే 50 ఏళ్లు ఓర్చుకుంటుందని దానర్థం. యాభై ఏళ్లు కూచుని చూసినవాళ్లు ఎవరూ లేరు. పైపు ముక్కల్ని వేడినీళ్ల తొట్లలో ముంచి, లోపల ఒత్తిడి నింపి, ఎప్పుడు పగులుతాయా అని కనిపెట్టుకుని ఉంటారు. పరీక్ష కనీసం 9,000 గంటలు దాటాలి, అంటే ఏడాదికి పైమాటే. పాలిమర్‌కు వేడి పెంచితే దాని గడియారం తొందరగా తిరుగుతుంది. అందుకే 80 డిగ్రీల దగ్గర నెలల్లో జరిగినదాన్ని చూసి 20 డిగ్రీల దగ్గర ఏళ్లలో ఏం జరుగుతుందో చెబుతారు. ఏడాది పొడవు గీతను యాభై ఏళ్లకు సాగదీస్తారన్నమాట. ఇందులో మోసమేమీ లేదు, గట్టి శాస్త్రమే. కాకపోతే ఆ 20 డిగ్రీలు మే నెలలో మా ఊళ్లో ఎక్కడా దొరకవు. నీళ్ల వేడి 30 డిగ్రీలైతే పైపు మీద రాసిన ఒత్తిడిని 0.87తో, 40 అయితే 0.74తో గుణించుకోవాలని పట్టిక ఉంది. దుకాణంలో ధరల బోర్డు ఉంటుంది, ఈ పట్టిక ఉండదు.

ఉక్కు లెక్క సులువు. మామూలు పనులకు దాని గట్టిదనాన్ని ఒక్క అంకెతో చెప్పేయొచ్చు. ఈ పైపు చేసే పాలిథిలీన్‌కు అట్లా కాదు, ఎంత వేడిలో లాగావు, ఎంత వేగంగా లాగావు, అంతకుముందు దాన్ని ఏం చేశావు అన్నీ చెప్పాలి. డంబెల్ ఆకారంలో కోసిన ముక్కను యంత్రం దవడల మధ్య బిగించి నెమ్మదిగా లాగితే మొదట బిర్రుగా ఎదురుతిరుగుతుంది. ఒక దశలో నడుము దగ్గర సన్నబడుతుంది, బలం సూచి దిగుతుంది, ఇక తెగిందనుకుంటాం. తెగదు. ఆ సన్నదనం అటూ ఇటూ పాకుతూ పోతుంది, పొగమబ్బులా తెల్లబడుతూ ముక్క మొదటి పొడవుకు ఎన్నో రెట్లు సాగుతుంది. లోపల ముద్దగా పడి ఉన్న గొలుసులు లాగిన దిక్కుకు వరుస కట్టడమే అది. అదే ముక్కను వంద రెట్లు వేగంగా లాగండి, పదార్థమే మారిపోయిందా అనిపిస్తుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆ సన్నటి మెడ పాకే క్షణంలో నేను కుర్చీలోంచి లేస్తాను.

ఈ ఇష్టం మీదే నాకు అనుమానం. నేను ప్రేమించేది పదార్థాన్నా, గీత మీద గీత కూర్చున్నప్పటి సుఖాన్నా? కాలంతో పాటు ఒత్తిడి సడలే తీరును రాయడానికి గణిత నమూనాలో ఐదు పదాలు వేసుకుంటే పది స్థిరాంకాలు చేతికొస్తాయి. పది స్థిరాంకాలుంటే ఏ గీతనైనా లొంగదీయొచ్చు. లాగిన ముక్కల్లో ఒకటి మిగతావాటితో కలవకుండా తెగి, దాని అంచున గాటు కనిపించినప్పుడు నా మనసులో ఒక చిన్న సంతోషం మెదులుతుంది. లోపమున్న ముక్కను పక్కన పెట్టి ఇంకొకటి లాగొచ్చని నియమం ఉంది కనుక నేను చేసేది తప్పు కాదు. కానీ ఆ సంతోషం ఎందుకు? పొలంలో పడి ఉన్న పైపులన్నిటికీ గాట్లే కదా!

నా బల్ల మీద జె.ఎన్. రెడ్డి గారి ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం ఉంటుంది, 1984లో మొదట వచ్చింది. ఉస్మానియాలో మెకానికల్ చదివి, అమెరికా వెళ్లి, టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో పాఠం చెప్పిన తెలుగాయన. వస్తువును చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్క కట్టే ఈ విద్యను ప్రపంచంలో లెక్కలేనంత మంది ఆ పుస్తకంతోనే నేర్చుకున్నారు. అట్ట మీద ఆ పేరు చూసి గర్వపడతాను. ఆ గర్వంలో నా వాటా ఎంతని అడిగితే మాత్రం చెప్పలేను.

గడులు విడగొట్టడం నాకూ వచ్చు. మామ చేనులో డ్రిప్పు పైపుల చావు వేరు. ఎలుకలు కొరుకుతాయి. పసుపు తవ్వేటప్పుడు నాగళ్లకు తగులుతాయి. ఉప్పు నీళ్లకు రంధ్రాలు పూడుతాయి. మా నమూనాలో పైపు నింపాదిగా, గౌరవంగా, సన్నటి పగులు పెరిగి పెరిగి చస్తుంది. అట్లాంటి చావు వచ్చేదాకా బతికిన పైపును మా ఊళ్లో నేను చూడలేదు. ఎలుక పంటికి సమీకరణం లేదని నేను నవ్వుతూ చెప్పినప్పుడల్లా నవ్వే శ్రోతలు ప్లాస్టిక్ వాళ్లే, రైతులు కాదు.

ఆ రోజు రాత్రి మామకు మళ్లీ ఫోన్ చేశాను. పైపు పూడుస్తడా, పైన పరుస్తడా, మోటారు ఎంత ఒత్తిడికి నీళ్లు తోస్తదని అడిగాను. పూడ్చడానికి కూలి ఎక్కువైతదని కొంత దూరం పైన్నే వదిలేద్దామనుకుంటున్నాడట. "మామా, పైపు మీద ఆరు బార్లని రాస్తే ఎండకాలం మన దగ్గర నాలుగున్నరే అనుకో. ఎనిమిది రాసింది తీస్కో, అప్పుడు ఆరు నిలుస్తది. వీలైతే అంతా పూడ్చు" అన్నాను.

"ధర?"

"పెరుగుతది."

కాసేపు లెక్క వేసుకున్నాడు. "సరే, ఎనిమిదే తీస్కుంట. గట్లయితే యాభై ఏండ్లు ఖాయమేనా? ఒక కాగితం మీద రాసియ్యి, దుకాణపాయనకు చూపిస్త."

రాసి వాట్సాప్‌లో పంపాను: పీఈ 100, 8 బార్లు, నీళ్ల వేడి 40 డిగ్రీలకు మించొద్దు, నేలలో పూడ్చాలి. ఏళ్ల గడి ఖాళీగా వదిలేశాను. మర్నాడు ఆఫీసులో వేరే పైపు రిపోర్టు మీద అదే గడిలో 50 అని వేసి సంతకం పెట్టాను.