పచ్చబొట్టు, పొడుగు చేతుల చొక్కా

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మలయా తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్ల మునిమనవలు కూడా వింటుంటారు కదా, ఈ మాట వాళ్లకే.

ఆ కాలం పల్లెల్లో ఎరుకల స్త్రీలు ఇంటింటికీ తిరిగి దీపం మసి, ఆకు పసరు కలిపి సూదులతో పచ్చబొట్టు పొడిచేవారు. మసి నల్లనిదే, చర్మం లోపలి పొరలో కుదురుకున్నాక పైకి పచ్చగా తేలుతుంది. నగలన్నీ ఇక్కడే ఉండిపోతాయి, కాటిదాకా వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అనేవారు ముసలమ్మలు. వాళ్ల మనవడు ఇవాళ భుజం మీద పులిని వేయించుకుంటే మాత్రం "రౌడీ వేషాలేమిట్రా" అంటాం. పెళ్లిచూపులకు పొడుగు చేతుల చొక్కా తొడిగిస్తాం!

ఈ మలేషియాలోనే, సారవాక్‌లో, ఇబాన్ తెగ యువకులు ఊరు విడిచి వెళ్లేటప్పుడు రెండు భుజాల మీదా వంకాయ పువ్వు పొడిపించుకునేవారు. అది ఎదిగినవాడికి గుర్తు. 2019లో కౌలాలంపూర్ టాటూ ప్రదర్శన ఫొటోల్లో అర్ధనగ్నత ఉందని ప్రభుత్వం మండిపడింది. పచ్చబొట్టు మీద ముస్లింల అభ్యంతరానికి వాళ్ల మతంలో ఆధారం ఉంది. మనవాళ్ల అభ్యంతరానికి మాత్రం నాకు ఆధారం కనబడదు. అడగాలనుకుంటే సూది కొత్తదేనా అని అడగండి. వాడిన సూదితో హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదముంది.