శిక్షకుడు మారెను, పందెము మారలేదు

వాక్యభాగము: యెహోషువ 1:1–9, 1 కొరింథీయులకు 3:5–9, 9:24–27



యెహోషువ గ్రంథము ఒక మరణవార్తతో ఆరంభమగుచున్నది. నలువది సంవత్సరములు జనమును నడిపించిన మోషే ఇక లేడు. ఎదుట యొర్దాను నది పొంగుచున్నది. జనులందరి కన్నులును క్రొత్త నాయకునిమీదనే యున్నవి. అట్టి దినమున దేవుడు యెహోషువను మోషేవలె నటింపుమని కోరలేదు. మోషే ప్రక్కను నిలిచిన తానే అతని ప్రక్కను కూడ నిలుతునని ధైర్యము చెప్పెను. నాయకుడు మారెను గాని నడిపించు దేవుడు మారలేదు; చేరవలసిన దేశమును మారలేదు.

నాయకుడు మారినప్పుడు ఏది మారవచ్చును, ఏది మారకూడదు అను ఈ ప్రశ్నను నేడు ఒక ఆటస్థలమునుండి నేర్చుకొందము. దేవుని వాక్యము చెప్పుచోట ఆటల ముచ్చట ఏల అని పెద్దలు అడుగవచ్చును. కొరింథు పట్టణము దగ్గర రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పండుగ జరుగుచుండెను. అపొస్తలుడైన పౌలు ఆ పట్టణపు సంఘమునకు వ్రాయునప్పుడు పరుగు పందెగానిని, ముష్టియుద్ధము చేయువానిని చూపి బోధించెను. పౌలు సిగ్గుపడని పోలికకు మనమేల సిగ్గుపడవలెను?

మన మిషను హైస్కూళ్లలో చదివినవారు బాస్కెట్‌బాల్ ఆట నెరుగుదురు. రెండు జట్లు ఒక బంతికొరకు పెనగులాడి, ఎత్తున కట్టిన వలగంపలో దానిని వేయవలెను. దైవజ్ఞానము చదివిన జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు 1891లో అమెరికాలోని వై.ఎం.సి.ఎ. పాఠశాలయందు, పీచు పండ్ల గంపలను ఎత్తున కొట్టి, ఈ ఆటను కల్పించెను. అదే వై.ఎం.సి.ఎ. వారు 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాలను స్థాపించిరి. అచ్చట తరిఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్లు మన ప్రాంతముల పాఠశాలలకు కూడ వచ్చిరి. కనుక ఈ ఆట మనకు పరాయిది కాదు.

అమెరికాలో ఇండియానా అను రాష్ట్రము కలదు. అచ్చట ఊరూరను హైస్కూలు బాస్కెట్‌బాల్ అనగా మన పల్లెలలో సంక్రాంతివంటిది. ఆ రాష్ట్రములో మైలన్ అను చిన్న ఊరున్నది. 1950ల నాటికి ఆ ఊరి జనము వేయి పైచిలుకు. హైస్కూలులో మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి 161 మంది. ఆ దినములలో చిన్న బడులకు వేరు పందెము, పెద్ద బడులకు వేరు పందెము లేదు. రాష్ట్రమంతటికిని ఒక్కటే పందెము, ఒక్కటే కిరీటము.

మైలన్ జట్టుకు హెర్మన్ గ్రిన్‌స్టెడ్ అను శిక్షకుడు ఉండెను. మన పిల్లలిప్పుడు కోచ్ అనుచున్నది ఇట్టివారినే. పరుగుమీద పరుగు తీయించి ఆడించుట ఆయన పద్ధతి. పై అధికారి వలదన్నను క్రొత్త ఆటబట్టలు తెప్పించెనన్న కారణమున ఆయనను తీసివేసిరని చెప్పుదురు. ఊరివారిలో అనేకులకు అది కష్టముగా తోచెను. ఆయన స్థానమున 1952లో మార్విన్ వుడ్ అను యువకుడు వచ్చెను. వయస్సు ఇరువది నాలుగు.

అతడు వచ్చి రెండు మార్పులు చేసెను. వేగముతో ఆడువారికి నిదానము నేర్పెను. బంతిని చేతిలో నిలుపుకొని, తగిన సమయమువరకు ఓపికతో అందించుకొనుట నేర్పెను. రెండవది, సాధన జరుగు సమయమున తలుపులు మూయించెను. అంతకుముందు ఊరివారు సాయంకాలము వచ్చి కూర్చుండి, పిల్లల సాధన చూచి, సలహాలు చెప్పి పోవుచుండిరి. ఇప్పుడు తలుపు మూయగానే వారికి కోపము వచ్చెను.

ప్రియులారా, ఈ కోపమును మనమెరుగుదుము. క్రొత్త అయ్యగారు ఆరాధన వేళను అరగంట మార్చినయెడల మన సంఘములలో ఎంత గొణుగుడు! “పాత అయ్యగారి కాలములో ఇట్లుండెనా?” అందుము. ఆ పాత అయ్యగారు ఉన్న దినములలో ఆయనమీద కూడ గొణిగినవారము మనమే. చచ్చినవాని కండ్లు చారెడు అను సామెత ఊరకనే పుట్టలేదు. ఇశ్రాయేలీయులు మోషే బ్రదికియున్నప్పుడు అతనిమీద రాళ్లు రువ్వజూచిరి. పోయిన తరువాత ముప్పది దినములు ఏడ్చిరి.

అయితే ఆ మూసిన తలుపును గూర్చి ఒక్క క్షణము ఆలోచించుడి. గెలుపు అను అలవాటు జనము కేకలు వేయుచోట పుట్టదు. చూచువారు లేనిచోట, చప్పట్లు లేనిచోట, ఒకే పనిని నూరుసార్లు చేయుటలో పుట్టును. ప్రభువు కూడ ప్రార్థన చేయగోరువానిని గదిలోనికి పోయి తలుపు వేసికొమ్మని చెప్పెను గదా (మత్తయి 6:6). ఆదివారమున అందరి యెదుట పాడు పాటకు బలము ఎక్కడనుండి వచ్చును? వారమంతయు ఇంటిలో దీపము యొద్ద చేసిన మొరనుండి వచ్చును. చాటున సాధన లేని జట్టు అందరి యెదుట నిలువలేదు. చాటున ప్రార్థన లేని సంఘమును నిలువలేదు.

ఈ మైలన్ కథనుండి ప్రేరణ పొంది 1986లో హూసియర్స్ అను చలనచిత్రము తీసిరి. ఆ చిత్రములో క్రొత్త శిక్షకుడు వచ్చిన మొదటి సంవత్సరమే కిరీటము దొరకును. నిజముగా అట్లు జరుగలేదు. 1953లో మైలన్ పిల్లలు రాష్ట్రములోని చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచి, అచ్చట సౌత్ బెండ్ సెంట్రల్ జట్టుచేత ఓడిరి. ఓడి యింటికి వచ్చి, మరల తలుపులు మూసికొని సాధన చేసిరి. నాటిన మరునాడే కోతకు కొడవలి పట్టువాడు రైతు కాడు. క్రొత్త నాయకునికి ఒక సంవత్సరమైనను గడువియ్యక తీర్పు తీర్చు సంఘము, మొలకను పెరికి వేరు చూచువానివంటిది.

1954లో 751 పాఠశాలలు పందెమునకు వచ్చెను. మార్చి 20వ తేదీన ఇండియానాపొలిస్ నగరములో తుది ఆట జరిగెను. మైలన్ ఎదుట నిలిచినది మన్సీ సెంట్రల్ అను గొప్ప బడి. అది అంతకుముందే నాలుగుసార్లు రాష్ట్ర కిరీటము పొందినది. నాలుగవ భాగములో మైలన్ 26, మన్సీ 28. వెనుకబడినవారు ఏమి చేయుదురు? తొందరపడుదురు. కాని మైలన్ బాలుడైన బాబీ ప్లంప్, శిక్షకుని మాట చొప్పున, బంతిని చేతపట్టుకొని నిలిచిపోయెను. ఆ కాలపు నియమములలో అది తప్పు కాదు. ఒక నిమిషము గడిచెను, రెండు గడిచెను. మొత్తము 4 నిమిషముల 13 సెకనులు బంతి కదలలేదు. రెండు సంవత్సరములు నేర్చిన ఓపిక ఆ నాలుగు నిమిషములలో బయటపడెను. నెమ్మదియందును నమ్మికయందును బలమున్నదని యెషయా ప్రవక్త తొందరపడు జనమునకు బోధించెను (యెషయా 30:15). ఆ మాటకు ఇంతకంటె చక్కని బొమ్మను నేను చూడలేదు.

సత్యము దాచకూడదు గనుక చెప్పుచున్నాను. అంతసేపు నిలిచిన తరువాత ప్లంప్ వేసిన బంతి గంపలో పడలేదు. ఓపికకు వెంటనే ఫలము రాలేదు. అయినను జట్టు చెదరలేదు. వారు సమానమైరి, ముందుకు పోయిరి, మరల మన్సీవారు సమానమైరి: 30–30. ఇంక కొద్ది సెకనులే యున్నవి. ఆట నిలిపి అందరును శిక్షకునిచుట్టు చేరిరి. అప్పుడు జీన్ వైట్ అను బాలుడు, “మనమందరము ఒక ప్రక్కకు తొలగి ప్లంప్‌కు చోటిత్తము” అను భావముతో సలహా చెప్పెను. శిక్షకుడు ఆ బాలుని మాటను త్రోసివేయలేదు. ఆ రాత్రి ప్లంప్ గురి సరిగా లేదు. అయినను అతనిని నమ్మి చోటిచ్చిరి. చివరి క్షణములలో అతడు బంతిని వేసెను. అది గంపలో పడెను. 32–30. ఆ చిన్న ఊరు రాష్ట్ర కిరీటము గెలిచెను.

నాయకులారా, కాపరులారా, సంఘ పెద్దలారా, ఆ చివరి సలహాను మరువకుడి. రెండేండ్లు తన పద్ధతి నేర్పినవాడు అత్యవసర సమయమున పిల్లవాని నోటి మాట వినెను. మీ సంఘములో యౌవనుడు లేచి ఒక మాట చెప్పినయెడల, “నీకేమి తెలియును, కూర్చుండుము” అనుచున్నారా? వినుచున్నారా?

ఆ కిరీటము ఎవరిది? వుడ్‌దే అని చెప్పవచ్చును. కాని ఆ సంవత్సరము పై తరగతిలో ఉండి ఆడిన బాలురు, వుడ్ రాకమునుపే ఆ బడిలో చేరినవారు. వారి హైస్కూలు ఆటకు నారు పోసినది ఊరు పోగొట్టుకొన్న పాత శిక్షకుని కాలము. నారు పోసినవాడు ఒకడు, కోత కోసినవాడు ఒకడు. పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను, ఎదుగుదల దేవునిది. కాబట్టి పాతవానిని పొగడుటకు క్రొత్తవానిని నలుగగొట్టవద్దు. క్రొత్తవానిని ఎత్తుటకు పాతవాని పాటును మరువవద్దు.

ఓడినవారి సంగతి కూడ కొంచెము వినుడి. తుది ఆటకు ముందు మైలన్ ఓడించిన జట్లలో ఇండియానాపొలిస్‌లోని క్రిస్పస్ ఆటక్స్ హైస్కూలు ఒకటి. నల్లజాతి పిల్లలను వేరుపరచి వారికొరకే కట్టిన బడి అది. అనేక సంవత్సరములు ఆ పిల్లలను రాష్ట్ర పందెమునకే రానియ్యలేదు. 1950లో రే క్రో అను ఉపాధ్యాయుడు దాని జట్టును చేపట్టి, ఆటతోపాటు చదువును, మంచి నడతను కోరెను. 1954లో మైలన్‌చేత 65–52తో ఓడిరి, కాని చెదరిపోలేదు. 1955లో ఆ జట్టే రాష్ట్ర కిరీటము గెలిచెను. 1956లో ఒక్క ఆటయు ఓడక మరల గెలిచెను. వాకిట నిలువబెట్టబడినవారు ఇంటి యజమానులకంటె చక్కగా ఆడి చూపిరి. ఈ మాట మన పల్లెలలో ఎవరికి ఆదరణయో, ఎవరికి గద్దింపో, వినువారికే తెలియును.

వుడ్ 1954 తరువాత మైలన్ విడిచి వేరొక బడికి పోయెను. ఆ కిరీటము మైలన్ బాలురకు మరల రాలేదు. అందుకే పౌలు అట్టి కిరీటమును వాడిపోవునదని చెప్పెను. కొరింథువారి ఆటలలో ఇచ్చుచుండినది ఆకులతో అల్లిన కిరీటమే. వాడిపోవుదానికొరకే పిల్లలు రెండేండ్లు తలుపు మూసికొని శ్రమపడినయెడల, వాడనిదానికొరకు మనము ఎంత శ్రమపడవలెను!

కాబట్టి ప్రియులారా, మీ సంఘమునకు క్రొత్త కాపరి రానైయున్నయెడల, మీ బడికి క్రొత్త మాస్టరు వచ్చియున్నయెడల, ఈ మూడు పనులు చేయుడి. వెళ్లిపోవువానిని కృతజ్ఞతతో సాగనంపుడి. వచ్చువానికి సమయమిచ్చి, అతని పేరు ప్రతి రాత్రి ప్రార్థనలో ఎత్తుడి. అతడు వచ్చువరకు మీ సాధనను మానకుడి. మీ ప్రార్థన కూటము, మీ పిల్లల ఆదివారపు బడి, రోగుల పరామర్శ ఆగిపోనియ్యకుడి. నాయకునితోకూడ వచ్చి నాయకునితోకూడ పోవు భక్తి మనది కాకూడదు.

ప్రార్థన: మారని తండ్రీ, మా యెదుటనుండి నీవు తీసికొన్న సేవకులనుబట్టి స్తోత్రము. నీవు పంపువారిని గొణుగుడు లేక చేర్చుకొను హృదయము మాకిమ్ము. ఎవరును చూడని చోట నమ్మకముగా నుండుట మాకు నేర్పుము. మా పరుగు తుదముట్టువరకు యేసు ప్రభువువైపే మా చూపు నిలుపుము. ఆమేన్.