వేలు తెగిన నాడు

వీణ మీద ఎడమచేయి చేసే పని దూరం నుంచి చూసేవాళ్లకు నిమిరినట్టు కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది నిమరడం కాదు, ఒరిపిడి. పైన వేలు, కింద మైనంలో కూర్చిన లోహపు మెట్టు, మధ్యన బిగించిన ఉక్కు తీగ. తీగను మెట్టుకు అదిమిపట్టడంతో పని తీరదు. అదే మెట్టు మీద దాన్ని పక్కకు లాగి పై స్వరాలు కూడా పలికించాలి. తోడిలో గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు, ఊగే స్వరం. ఆ ఊపంతా చూపుడువేలు, నడిమివేలు కొసల మీద పడుతుంది. అందుకే వైణికులు దగ్గర కాస్త కొబ్బరినూనె పెట్టుకుంటారు. ఏళ్లు గడిచేసరికి వాళ్ల వేలికొసల్లో తీగ మందాన గాడి పడుతుంది. ఆ గాడిలోనే ఒకరోజు కూరగాయల కత్తి దిగిందనుకుందాం, లేదా కొత్త తీగ బిగిస్తుంటే అదే కోసుకుపోయిందనుకుందాం. మర్నాడు సాధన ఉంది. కూర్చోవాలా, మానాలా? చూడ్డానికి ఇది వైద్యుడు తేల్చాల్సిన సంగతే. కానీ మనం సంగీతాన్ని నాదోపాసన అన్నాం కాబట్టి ప్రశ్న అక్కడితో ఆగదు. ఉపాసనలో నొప్పికి చోటుందా, ఉంటే ఎంత? రక్తం ఓడుతున్న వేలితో వాయిస్తే అది తపస్సవుతుందా? కాదనే నా వాదన. అందుకు ఆధారాలు మన సంప్రదాయంలోనే దండిగా ఉన్నాయి.

ఐతరేయ ఆరణ్యకంలో ఒక పోలిక ఉంది. వీణలు రెండట. ఒకటి దైవీ వీణ, ఒకటి మానుషీ వీణ. దైవీ వీణ అంటే సరస్వతి ఒడిలో ఉన్నది కాదు, ఈ శరీరమే. చెట్టు నుంచి చెక్కిన వీణ దానికి నకలు. దీనికి తల ఉంటే దానికీ తల, దీనికి కడుపు ఉంటే దానికి లోపలి బోలు, దీని నాలుకకు బదులు అక్కడ మీటే సాధనం, దీని వేళ్లకు బదులు అక్కడ తీగలు. పూర్వం వీణను రోమాలున్న తోలుతో కప్పేవారని, శరీరానికీ అలాంటి కప్పే ఉందని కూడా గుర్తుచేస్తుంది. ఈ వరసలో నన్ను ఆపేది వేళ్లకూ తీగలకూ కుదిర్చిన జత. వేలు తీగను నొక్కే పనిముట్టు కాదు, తీగ కంటే ముందు పుట్టిన తీగ. ఆ లెక్కన వేలికొస తెగడమంటే వీణలో తీగ తెగడమే. తెగిన తీగతో కచేరీకి కూర్చుని ఇదే భక్తి అని ఏ వైణికుడూ అనడు, ముందు తీగ మారుస్తాడు. వేలిని మార్చలేం కనుక ఆగాలి. శరీరాన్ని నాదానికి బంటుగా చూసినప్పుడే దెబ్బతిన్న వేలిని పనిలోకి తోలడం వీరత్వంగా తోస్తుంది. ఆరణ్యకం దృష్టిలో అసలుది శరీరం, నకలు కొయ్య. నకలు కోసం అసలును పాడుచేసుకోవడం ఏపాటి ఉపాసన?

ఇంతకంటే సూటిగా మాట్లాడే సాక్ష్యం అనధ్యయన నియమాల్లో దొరుకుతుంది. వేదాధ్యయనానికి మన పెద్దలు సెలవులు పెట్టారు. పాడ్యమి నాటి చదువు నిలవదన్న నమ్మకం ఎంత పాతదంటే, సుందరకాండలో హనుమంతుడు సీత చిక్కిపోయిన తీరును పాడ్యమి నాడు చదివేవాడి విద్యతోనే పోలుస్తాడు. ఇలాంటి సెలవుల పెద్ద జాబితా మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఉంది. అందులో రెండు సందర్భాలు మన ప్రశ్నకు నేరుగా తగులుతాయి: ఒంట్లోంచి రక్తం కారినప్పుడు, ఆయుధం వల్ల గాయమైనప్పుడు చదవకూడదు. మనువు మాటల్లో చాలావాటికి నేడు చెల్లుబాటు లేదు, ఉండకూడదు కూడా. కానీ చదువు ఎంత పవిత్రమైనదైనా గాయపడ్డ ఒంటితో దాన్ని లాగించకూడదని అంత కటువైన స్మృతి కూడా ఒప్పుకుందంటే ఆలోచించాల్సిందే. అది దయతో పెట్టిన నియమం కాదు, రక్తం మైల కాబట్టి పెట్టారు అనవచ్చు. కొంత నిజమే. అయితే ఆ జాబితాలో పెనుగాలి కూడా ఉంది, ఉరుము కూడా ఉంది. అవి మైల కాదు కదా. అక్షరం సరిగా వినపడని చోట, మనసు కుదురుగా లేని వేళ వల్లెవేయవద్దన్నదే వాటన్నిటి వెనకా ఉన్న ఆలోచన అని నాకనిపిస్తుంది. వేదానికి చెప్పింది వీణకెందుకు వర్తించాలి అంటారా? దసరాల్లో పుస్తకాలతో పాటు వాయిద్యాలనూ పూజలో పెట్టి ఆ పూట ముట్టుకోని ఇళ్లు ఎన్ని లేవు!

నొప్పి పడకుండా ఎవరు నేర్చుకున్నారని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. ప్రశ్న న్యాయమైనదే. సరళీ స్వరాలు మొదలుపెట్టిన పిల్లల వేళ్లు మొదటి వారాల్లో మండుతాయి, ఆ మంట ఓర్చుకోకపోతే వీణ రాదు. అయితే కాయకూ పుండుకూ తేడా ఉంది. చర్మపు అడుగు పొరలో కొత్త కణాలు పుట్టి, పైకి జరుగుతూ గట్టిపడి, చివరకు రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నెల పడుతుంది. ఒత్తిడి రోజూ కొంచెం కొంచెంగా పడితే పైపొర మందమెక్కుతుంది, దాన్నే కాయ కాచిందంటాం. ఒత్తిడి ఒక్కసారిగా హద్దు మీరితే పొరలు విడివడి మధ్యలో నీరు చేరుతుంది, అది బొబ్బ. తీగ అదే, వేలూ అదే. కాయ శరీరం ఒప్పుకున్న పనికి గుర్తు, బొబ్బ ఒప్పుకోని పనికి గుర్తు. తపస్సంటే కాగడం అనే అర్థం చెప్పుకుంటాం గదా, కుమ్మరి ఆవంలో కుండ కాలడమూ కాగడమే, కానీ మంట ఒక్కసారిగా ఎగదోస్తే పగిలేది ఆ కుండే. వాయిద్యం మీద గాయం ఫలితం ఎలా ఉంటుందో చూడండి. తెగిన వేలు తనకు తెలియకుండానే తప్పుకుంటుంది. కొసతో నొక్కాల్సిన చోట పక్కభాగంతో నొక్కుతుంది, పూర్తిగా లాగాల్సిన తీగను సగంలో వదిలేస్తుంది. గాంధారం తన చోటికి చేరకుండానే వెనక్కి తిరుగుతుంది. నాదాన్ని వినాల్సిన మనసు వేలిని వింటూ కూర్చుంటుంది. ఉపాసనకు ఇంతకంటే పెద్ద భంగం ఉంటుందా?

మరి రావణుడో? కైలాసం కింద నలిగినవాడు తన తలనే బుర్ర చేసి, నరాలనే తీగలు చేసి, సామగానంతో శివుణ్ణి మెప్పించాడని జనం చెప్పుకుంటారు. మన పౌరాణిక సినిమాలు ఆ ఘట్టానికి ఇంకా రంగులద్దాయి. ఒళ్లు కోసుకుని వాయించడమే పరమభక్తి అనేవాళ్లకు ఇది పెద్ద ఆసరా. కానీ ఆ కథలో రావణుడు కొండ కింద ఇరుక్కున్నాడు, బయటపడాలి, చేతిలో మరో వాయిద్యం లేదు. చక్కటి వీణ పక్కనుండగా నరాలు తీసుకోలేదు. పైగా అతని తపస్సులన్నీ బేరాలు. ఒంటిని హింసించుకుంటూ మూఢపట్టుదలతో చేసే తపస్సు తామసమని గీత పదిహేడో అధ్యాయం తేల్చేసింది. కన్నప్ప అయిన తిన్నడి కథ ఇంకా బరువైనది. ధూర్జటి రాసిన శ్రీకాళహస్తి తిన్నడి కథ తెలియని తెలుగువాడు అరుదు. కానీ తిన్నడు కన్ను పెకలించింది తన భక్తి చూపించుకోవడానికి కాదు, ఎదుట శివలింగం కంటినుంచి రక్తం కారుతోంది, దాన్ని ఆపాలి. మరొకరి గాయానికి మందుగా తన అవయవం ఇచ్చాడు. రెండో కంటికి చేయి వెళ్లగానే దేవుడే ఆపాడు. తెగిన వేలితో తోడి వాయిస్తే ఏ దేవుడి పుండు మానుతుంది?

నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన కథ బౌద్ధుల వినయపిటకంలో ఉంది. చంపానగరపు శ్రేష్ఠి కొడుకు సోణుడు మహా సుకుమారుడు, అరికాళ్లలో వెంట్రుకలు మొలిచేంత మెత్తటి పాదాలు. ఎనభై బళ్ల సొమ్ము వదులుకుని భిక్షువయ్యాడు. రాజగృహం దగ్గర సీతవనంలో చంక్రమణం, అంటే నడుస్తూ చేసే ధ్యానం, పట్టుబట్టి చేశాడు. పాదాలు చిట్లి నడిచే బాటంతా పశువుల్ని కోసిన చోటులా రక్తసిక్తమైంది. ఇంత చేసినా ఫలం లేదు, ఇంటికెళ్లి దానధర్మాలు చేసుకుంటూ బతకడమే మేలేమో అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి ధర్మోపదేశం మొదలుపెట్టలేదు. ఇంట్లో ఉండగా నువ్వు వీణ బాగా వాయించేవాడివి గదా అని అడిగాడు. తీగలు మరీ బిగిస్తే పలికేదా? లేదు. మరీ వదులు చేస్తే? లేదు. రెండూ కాకుండా సమంగా ఉంటే? పలికేది. సాధన కూడా అంతే అన్నాడు. ఈ ఉపమానం అందరూ చెబుతారు, నడిమి మార్గమని ముగిస్తారు. కానీ దాని పక్కనే రక్తం కారే పాదాలున్నాయన్న సంగతి చాలామంది మరిచిపోతారు. కాలి గాయానికి బుద్ధుడు వెతికిన బొమ్మ వీణ తీగ. కథ అక్కడితో అయిపోలేదు. సోణుడు అర్హతుడయ్యాక బుద్ధుడు అతనికి చెప్పులు తొడుక్కోవడానికి అనుమతి ఇచ్చాడు, ఒకే పొర ఉన్న మామూలు చెప్పులు. సోణుడు ఒప్పుకోలేదు. అంత సంపద వదిలి వచ్చినవాడు చెప్పుల మీద మోజుపడ్డాడంటారు, సంఘమంతటికీ అనుమతిస్తేనే తొడుక్కుంటానన్నాడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు. అంటే ఒక్కడి పాదాల్లో కారిన రక్తం భిక్షువులందరి పాదాలకూ చెప్పులైంది. గాయాన్ని పుణ్యంగా లెక్కగట్టకుండా దాన్నుంచి ఒక నియమం పుట్టించిన మతస్థాపకుడు నాకు ఇక్కడ కనిపిస్తాడు.

ఈ చెప్పుల కథకు తమ్ముడి లాంటి కథ ఒకటి ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండులో జరిగింది. అది మతకథ కాదు, రాక్ సంగీతం కథ. బర్మింగ్‌హామ్‌లో 1965లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ల కుర్రాడు రేకుల కర్మాగారంలో చివరి రోజు పనిచేస్తూ యంత్రంలో కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కాబట్టి గిటారు తీగల్ని నొక్కే చేయి అతనికి అదే. అంతకు ముందు 1928లో బండి తగలబడి ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్లతోనే గొప్ప గిటారిస్టయిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు అతనికి ధైర్యమిచ్చింది. అయితే అయోమీ పళ్లబిగువున వాయించేయలేదు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తీగ జారకుండా పైన తోలు అతికించాడు. మామూలు తీగల బదులు సన్నటివి ఎక్కించాడు, తర్వాత తర్వాత వాటి బిగువూ తగ్గించాడు. అతని బ్లాక్ సబ్బాత్ బృందానికి ఆ బరువైన మంద్రధ్వని రావడంలో ఆ వదులు తీగల పాత్ర ఉంది. సోణుడికి చెప్పిన మాట అతను విని ఉండడు, కానీ చేసింది అదే: పాదానికి చెప్పు, వేలికి తొడుగు, తీగకు సడలింపు.

ఇప్పటిదాకా వచ్చిన అభ్యంతరాలన్నిటికంటే గట్టిది శాస్త్రానికి సంబంధించింది కాదు, పొట్టకు సంబంధించింది. ఒప్పుకున్న కచేరీ ఉంటుంది, పెళ్లి సీజనులో నాలుగు డబ్బులు వచ్చే వేళ ఉంటుంది, మానేస్తే మరుసటేడు పిలవరు. అనధ్యయనం పాటించే భాగ్యం అందరికీ లేదు. దీనికి నా దగ్గర ధర్మశాస్త్రపు జవాబు లేదు. బతుకు కోసం వేలికి గుడ్డ చుట్టుకుని వాయించేవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా పట్టు ఒక్కటే, దాన్ని భక్తి అని పిలవకండి. పిలిస్తే ఆ నొప్పి ఖర్చు వాయించేవాళ్ల మీదే మిగిలి, పుణ్యం మాత్రం చూసేవాళ్లం పంచుకున్నట్టవుతుంది. రక్తం కారుతున్నా ఆపలేదట అని సభలో చెప్పి చప్పట్లు కొట్టించే అలవాటు మనకుంది. ఆ చప్పట్లు ఎవరికి? సుఖదుఃఖాల్ని, చలినీ వేడినీ ఓర్చుకోమని గీత చెప్పిందిగా అంటారేమో. వచ్చిపోయేవాటిని ఓర్చుకోమంది గానీ, వాటిని చేతులారా పిలిచి ఇంట్లో పెట్టుకోమనలేదు.

వీణావాదనాన్ని మోక్షంతో నేరుగా ముడిపెట్టిన మాట యాజ్ఞవల్క్యస్మృతిలో ఉంది. వీణ వాయించడంలోని తత్త్వం తెలిసి, శ్రుతులు జాతులు తాళం ఎరిగినవాడు అప్రయాసంగా మోక్షమార్గం పడతాడని దాని సారాంశం. వీణకు ఆ గౌరవం ఎందుకిచ్చారని వ్యాఖ్యానాలు చేసేవాళ్లు అప్రయాసం అన్న మాట దగ్గర ఎక్కువసేపు నిలబడరు. అది సోమరితనానికి ఇచ్చిన చీటీ కాదు, శ్రుతిజాతుల్లో విశారదుడు కావడం ఏళ్ల పని. కానీ చివరి మెట్టున ప్రయాస వీడిపోవాలి అంటోంది స్మృతి, పెరగాలనడం లేదు. వేలికి కట్టు కట్టుకున్న రోజున వీణను మూలనే ఉంచాలని కూడా ఎవరూ అనలేదు. ఎడమచేయి తాకకుండా కుడిచేత్తో వట్టి తీగల్ని మీటితే సారణి తీగ షడ్జం పలుకుతుంది, పక్కది పంచమం, ఆ పక్కవి మంద్ర షడ్జం, అనుమంద్ర పంచమం. ప్రక్కన ఉన్న మూడు తాళపు తీగలూ స, ప, పై స. ఏడు తీగలూ కలిసి రెండే స్వరాలు. కర్ణాటక సంగీతంలో వికృతి భేదం లేని స్వరాలూ ఆ రెండే. బిరడలు కాస్త అటూ ఇటూ తిప్పుకుంటూ, అవి ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో వింటూ ఒక పూట కూర్చోవచ్చు.