నేల చెప్పే చాడీలు

ధర్మసందేహాలు పురాణాల్లో మహానుభావులకే వస్తాయనుకునేదాన్ని. పోయిన మాఘమాసంలో మా ఇంటికొచ్చిన వడ్రంగి ఆచారి నా నెత్తిన ఒకటి పెట్టాడు. "అమ్మా, ఈ కిర్రుకిర్రు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అన్నాడు. అంతే ప్రశ్న. జవాబు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సంగతేమిటంటే, ఆత్మకూరులో మా అత్తగారిల్లు పాతకాలపు మిద్దె. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు, కింద నేలంతా కడప బండలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద కొంగు పరుచుకుని పడుకుంటే ఉండే సుఖం ఏ పరుపులోనూ లేదు. చలిదేశాల వాళ్ళకి కాళ్ళు జివ్వుమనకుండా చెక్క నేల కావాలి గానీ, మనకి కాళ్ళు చల్లబడితేనే గదా హాయి! అయినా మావారి తాతగారు ఎక్కడ చూసొచ్చారో ఏమో, మేడ మీది గదికి మాత్రం బల్లలు పరిపించారు. రంగూను టేకు అని మా ఇంట్లో మూడు తరాలుగా గొప్పగా చెప్పుకుంటున్నాం. ఆచారి ఒక్కో బల్లా తట్టి చూసి, సగం టేకూ, సగం వేగిసా అని తేల్చేశాడు. మావారి మొహం చూడాలి అప్పుడు.

వాన నీరు దిగి ఉత్తరపు గోడ దగ్గర నాలుగు బల్లల కొసలు పుచ్చిపోయాయి. తడితే డొల్ల చప్పుడు. ఒకదాంట్లో చెదలు. ఇదంతా పీకేసి టైల్స్ వేయించుకుంటే గొడవ ఉండదన్నారు చాలామంది. ఇప్పుడు చెక్కలాగే కనిపించే టైల్స్ వస్తున్నాయి, గీతలతో సహా. నాకెందుకో అవి చూస్తే ప్లాస్టిక్ మామిడాకుల తోరణం గుర్తొస్తుంది. పైగా మంచి బల్లలు ఇంకా పాతికేళ్ళు ఉంటాయని ఆచారి అంటుంటే పీకించడానికి మనసొప్పలేదు.

పోయిన నాలుగింటికీ కొత్త చెక్క వద్దన్నాడాయన. కొత్తది ఇంకా ఎండుతూ, వంకర తిరుగుతూ ఉంటుందట. ఎవరో పడగొట్టిన ఇంటి దూలం కోయించి తెచ్చాడు. ఆ దూలం కింద ఎన్ని ఉయ్యాలలు ఊగాయో అనుకున్నాను గానీ పైకి అనలేదు. మా వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, ఒకప్పుడు ఇళ్ళకి స్తంభాలుగా నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు చెట్టు మీద చెయ్యేస్తే జైలే. అదీ మంచిదే.

వార్నిషు వెయ్యనా, నూనె పట్టించనా అని మరో మాట వచ్చింది. మా వంటింట్లో ఉదయగిరి గరిటెలున్నాయి. కొండచెట్ల కొయ్యతో చేసినవి, నర్ది, బిక్కి లాంటివి. నోట్లోకి పోయే వస్తువు కాబట్టి రంగూ మెరుపూ ఉండదు, నున్నగా రుద్దడమే. ఒకటి తెచ్చి ఆచారికి చూపించి, ఇలా చెయ్యమన్నాను. ఆయన నవ్వి, ఉప్పుకాగితంతో మూడు విడతలు రుద్ది అవిసె నూనె పట్టిస్తానన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతే ఆ కిర్రు సంగతి వచ్చింది.

చెక్క ఎండాకాలం కుంచించుకుపోతుంది, వానాకాలం తేమ తాగి ఉబ్బుతుంది. ఏటా ఇలా అయ్యేసరికి మేకు పట్టు వదులవుతుంది. అడుగేస్తే బల్ల కిందికి దిగి మేకును రాసుకుంటుంది. ఆ రాపిడే కిర్రు. మేకులు లాగేసి స్క్రూలు బిగించి, సందుల్లో సుద్దపొడి పోస్తే చాలావరకు పోతుందట.

బెంగుళూరులో ఉండే మా మరిదికి ఫోనులో ఈ మాట చెప్పాను. ఆయన గట్టిగా పట్టుబట్టాడు. "వద్దు వదినా! ఏమైనా చెయ్యండి గానీ ఆ చప్పుడు తీసెయ్యొద్దు. చిన్నప్పుడు కింద పడుకుంటే తెల్లవారుజామున పైన కిర్రుమనేది. అమ్మ లేచిందిరా అనుకుని మళ్ళీ ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. అంత ధైర్యంగా మళ్ళీ ఎప్పుడూ నిద్రపోలేదు" అన్నాడు. అరవై దాటిన మనిషి అలా అంటుంటే నా గొంతు కూడా పట్టేసింది. సరే, ఉంచేద్దాం అనుకున్నాను.

మా అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్ళు. మేడ ఎక్కి చాలా ఏళ్ళయింది. చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంటే ఈ మాట చెవిన వేశాను. ఆవిడ తలెత్తకుండానే, "తీసిపారేయించమ్మే ఆ పాడు చప్పుడు" అంది.

ఎందుకత్తమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. పదహారేళ్ళకి కాపురానికొచ్చిందట. పైన ఆవిడ పడక, కింద మామగారి పడక. రాత్రి లేస్తే, "ఎవరది, ఇప్పుడెందుకు లేచింది" అని కింది నుంచి దగ్గు వినిపించేదట. తెల్లవారి పావుగంట ఆలస్యంగా లేచినా లెక్కే. వాళ్ళ నాన్న పోయాడని కబురొచ్చిన రాత్రి, తెల్లారాక గానీ బండి లేదు. "ఏడవడానికైనా అటూ ఇటూ నాలుగడుగులు తిరగాలి గదమ్మే? తిరిగితే కింద పెద్దాయన లేస్తాడని మంచం మీద అట్టే కూర్చున్నా, కోడి కూసేదాకా" అంది. మళ్ళీ చింతపండులో పడిపోయింది.

జపానులో క్యోటో నగరంలో నిజో కోట అని ఉంది. 1603లో షోగున్ కోసం కట్టారు. అక్కడి వసారాల్లో చెక్క నేల మీద అడుగేస్తే పిట్ట కూసినట్టు కూస్తుంది. శత్రువు దొంగచాటుగా వస్తే తెలియాలని అలా కట్టారని చెప్పుకుంటారు. కాదు, మేకులూ కొక్కేలూ అరిగి రాసుకోవడమే అనేవాళ్ళూ ఉన్నారు. ఏదైతేనేం, అక్కడ షోగున్‌కి శత్రువుల భయం. ఆత్మకూరులో తాతగారికి ఏ శత్రువులున్నారు, పదహారేళ్ళ కోడలు తప్ప!

ఇలా రాసేసి తాతగారి మీద తప్పు తోసెయ్యడం సులువు. నేను 1978లో ఆ ఇంట్లో అడుగుపెట్టాను. పడమటి కిటికీ నుంచి మూడోదీ, అయిదోదీ, ఎనిమిదోదీ చప్పుడు చెయ్యని బల్లలు. ఎక్కం అప్పజెప్పినట్టు ఇప్పటికీ చెబుతాను. అంత బాధపడినదాన్ని గదా, మరి నేనేం చేశాను? 2008లో మా అబ్బాయి పెళ్ళయ్యాక కొత్తకోడలు ఆరు నెలలు మా దగ్గరుంది. అప్పటికి నేను కింది గదిలోకి మారాను. పొద్దున్నే పైన కిర్రుమనలేదంటే, "ఇంకా లేవలేదు మహాతల్లి" అనుకునేదాన్ని. ఒక్కసారి కూడా పైకి అనలేదు, అది నిజం. కానీ చెవి మాత్రం పైకే ఉండేది. అనకపోవడం మంచితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

హైదరాబాదులో ఉన్న ఆ పిల్లకి ఫోన్ చేసి అడిగేశాను, నీకు తెలిసేదా అని. పకపకా నవ్వింది. "తెలీకపోవడమేంటత్తయ్యా? అందుకే గోడవారగా నడిచేదాన్ని. అక్కడ చప్పుడు తక్కువ" అంది. ఆ నవ్వు నాకు హాయిగా ఏమీ లేదు.

ఇప్పుడు చెప్పండి. మరిది జ్ఞాపకం అబద్ధమా? కాదు. తల్లి అడుగు విని బిడ్డ నిశ్చింతగా నిద్రపోవడం కన్నా నిజం ఏముంటుంది? కానీ ఆ నిద్ర కిందిది, ఆ అడుగు పైది. కింద పడుకున్నవాడు దాచుకోమంటున్న చప్పుడుకి పైన నడిచినవాళ్ళు కిరాయి కట్టారు. పాతవస్తువుల మీద ప్రేమ మంచిదే, నాకూ ఉంది. టైల్స్ వద్దన్నది నేనే గదా. అయితే ఆ వస్తువును రోజూ తుడిచినవాళ్ళనీ, మోసినవాళ్ళనీ ముందు అడగాలని నాకు తోచకపోవడమే సిగ్గుగా ఉంది. నలభై ఏళ్ళకి పైగా ఒకే ఇంట్లో ఉండి, ఆ రాత్రి సంగతి ఆవిణ్ణి నేనెప్పుడూ అడగలేదు.

మరిదికి మళ్ళీ ఫోన్ చేసి వాళ్ళమ్మ చెప్పిన మాట చెప్పాను. చాలాసేపు పలకలేదు. "నాకెప్పుడూ చెప్పలేదే అమ్మ" అన్నాడు చివరికి. స్క్రూలు బిగించమనే అన్నాడు. ఆ తర్వాత ఆ గొంతులో ఏదో తగ్గినట్టనిపించింది. ఆయన దగ్గర్నుంచి ఏదో లాక్కున్నాననే బాధ నాకింకా పోలేదు.

పని వారం రోజుల్లో అయిపోయింది. ఆచారి వెళ్తూ వెళ్తూ, "పూచీ ఏమీ ఇవ్వలేనమ్మా. వేసంగికి బల్లలు ఎండి మళ్ళీ ఎక్కడైనా పలకొచ్చు" అన్నాడు. నేను ఒట్టికాళ్ళతో గది నడిమధ్యన ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాను, తిరిగొచ్చాను. ఎక్కడా కిక్కురుమనలేదు. దిగొచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

"పైకి పోయినావా?" అంది.

"పోయొచ్చానత్తమ్మా."

"వినబళ్ళేదే!" అని, కాసేపాగి, "ఇంతకీ కూలి ఎంత తీసుకున్నాడమ్మే?" అంది.