తెరమీది దొంగత్రాసు

మన వడ్డేపల్లి పక్కనే రాజోలి. నూలు చీరకు పట్టు అంచును పోగుపోగునా కలిపి నేయడానికి ఎన్ని దినములు పట్టునో అక్కడి మగ్గాలకు తెలుసు. అటువంటి గద్వాల చీర 499 రూపాయలకేనని సెల్‌ఫోనులో ప్రకటన వస్తే, ఇందులో నేతన్న కూలి ఎంతని మనం అడగమేల? సామెతల గ్రంథం 11వ అధ్యాయం ఆరంభంలోనే ఖండించిన దొంగత్రాసు ఇదే. అంగడికి చిరునామా ఉండదు. సరుకు చేతికందాక డబ్బిస్తామంటే ఒప్పుకోరు. పది నిమిషాలే గడువని తొందరపెడతారు. (ఆలోచించుకోనివ్వని వర్తకుణ్ణి సంతలోనైతే నమ్ముతామా?) క్రిస్మసు చీరకని దాచిన సొమ్ము ఇలా పోగొట్టుకొన్న తల్లి, భర్తకు భయపడి నోరు మెదపదు. అయ్యా, ఆమెను కసరకండి. ఆ గడియలోనే 1930కి ఫోను చేయించండి. ఆలస్యమైతే సొమ్ము ఒక ఖాతానుండి మరో ఖాతాకు దాటిపోతుంది.