భాగ్యానికి సాక్ష్యం అడిగే చదువు

బాగా బతికే మనిషికి బాగా బతకడం ఒక్కటే చాలదు. ఆ బతుకు తనకు దక్కవలసిందేనన్న నమ్మకం కావాలి. పక్కవాడి లేమి వాడి స్వయంకృతమేనన్న ఊరట కూడా కావాలి. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1915లో ప్రపంచ మతాల ఆర్థిక నీతి గురించి రాస్తూ ఈ సంగతిని పట్టుకున్నాడు. మతం కష్టాల్లో ఉన్నవాళ్లను ఓదారుస్తుందని అందరూ చెప్పేదే. సుఖపడేవాళ్లకు కూడా మతంతో అంతే పెద్ద అక్కర ఉందని, తమ సుఖం ధర్మబద్ధమైనదేనని ఎవరో ఒకరు చెప్పాలని వాళ్లు కోరుకుంటారని ఆయన గుర్తించాడు. మంచివాళ్లకు కష్టాలు, చెడ్డవాళ్లకు సిరులు ఎందుకన్న ప్రశ్నకు తర్కంలో సందు లేని జవాబులు మూడే ఉన్నాయని ఆయన లెక్క: మన కర్మ సిద్ధాంతం, లోకాన్ని మంచిచెడుల యుద్ధంగా చూసిన జరతుష్ట్ర మతం, ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించాడన్న కాల్విన్ బోధ. మూడింటిలోనూ కర్మ సిద్ధాంతానిదే పైచేయి అన్నాడు. అందులో ఏ బాధా లెక్కకు అందకుండా మిగిలిపోదు. ఏ భాగ్యమూ ఊరికే వచ్చింది కాదు.

ఈ ప్రశ్నను ఇవాళ ఏ చదువు మోస్తోందని వెతికితే, దొరికే చోట్లలో ఒకటి జర్మనీలోని కొలోన్. అక్కడి మాక్స్ ప్లాంక్ సమాజ పరిశోధన సంస్థ, కొలోన్ విశ్వవిద్యాలయంతో కలిసి 2007 నుంచి ఒక అంతర్జాతీయ డాక్టరేట్ కార్యక్రమం నడుపుతోంది. ఆర్థిక సమాజశాస్త్రం, రాజకీయ అర్థశాస్త్రం దాని క్షేత్రాలు. బోధన ఇంగ్లీషులో సాగుతుంది, రకరకాల దేశాల నుంచి ఏటా కొద్దిమందినే తీసుకుంటారు. పైకి చూస్తే పూర్తిగా లౌకికమైన చదువు. వడ్డీలు, జీతాలు, పన్నులు, పింఛన్లు, కార్మిక సంఘాలు, కేంద్ర బ్యాంకులు — ఈ రంగంలో సిద్ధాంత గ్రంథాల విషయాలు ఇవే. దేవుడి ప్రస్తావన అరుదు. అయినా ఎవరికి ఎంత దక్కుతోంది, ఆ దక్కడం ఎవరి నిర్ణయం అన్న చోటికే ఈ విషయాలన్నీ తిరిగి తిరిగి వస్తాయి. మతాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పి మనిషిని నిమ్మళపరిచాయి. ఈ చదువు జవాబును పక్కన పెట్టి సాక్ష్యం అడుగుతుంది. దాని తాత్త్విక విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

మార్కెట్‌కు కూడా తనదైన కర్మ సిద్ధాంతం ఉంది. పోటీకి ఎవరూ అడ్డం రాకపోతే, ఉత్పత్తిలో పాలుపంచుకున్న ప్రతివాడికీ వాడు సృష్టించినంత విలువ దక్కుతుందని, ఇది ప్రకృతి నియమమని 1899లో అమెరికన్ ఆర్థికవేత్త జాన్ బేట్స్ క్లార్క్ వాదించాడు. పూర్వజన్మ ఉండే చోట ఉత్పాదకత వచ్చి కూర్చుంది. తీర్పు మాత్రం అదే: నీకు వచ్చింది నువ్వు చేసుకున్నదే. ఈ వాదాన్ని ఖండించడానికి మార్కెట్ విరోధులను పిలవనక్కర్లేదు. మార్కెట్‌ను ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే బలంగా సమర్థించిన హాయెక్, మార్కెట్ ఇచ్చే ప్రతిఫలానికీ మనిషి యోగ్యతకూ సంబంధం ఉండనక్కర్లేదని 1960లో తన స్వేచ్ఛా రాజ్యాంగ గ్రంథంలో ఒప్పుకున్నాడు. కష్టపడితే ఫలితం తప్పదని యువకులను ఎంతవరకు నమ్మనివ్వాలన్నది తేలని చిక్కు అని 1976లో ఇంకా నిజాయితీగా రాశాడు. అయితే ఆయన దగ్గర ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఈ పంపిణీ ఎవరూ కావాలని చేసింది కాదు కదా, దాన్ని అన్యాయం అనడానికి అర్థమేముంది? వరద ఒక ఇంటిని ముంచి పక్కింటిని వదిలేస్తే వరద మీద దావా వేయలేం. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసిపారేయడం తప్పు. ఫలితాన్ని ఎవరూ కోరుకోకపోవడం చాలాసార్లు నిజమే. కానీ ఆ ఫలితానికి దారితీసిన నియమాలను ఎవరో రాస్తారు, ఎవరో తేదీ వేసి సంతకం పెడతారు. ఏ ఫలితంలో వరద వాటా ఎంత, సంతకం వాటా ఎంత అన్నది కూర్చున్న చోట తర్కించి తేల్చేది కాదు. ఒక్కొక్క సందర్భాన్నీ తవ్వి చూడాలి.

వారసత్వాన్నే తీసుకుందాం. యోగ్యతతో బొత్తిగా సంబంధం లేని రాబడి ఏదైనా ఉంటే అది ఇదే. కొలోన్ సంస్థ డైరెక్టర్ యెన్స్ బెకర్ట్ ఫ్రాన్స్, జర్మనీ, అమెరికాల్లో వారసత్వ చట్టాల చరిత్రను పోల్చి 2004లో పుస్తకం తెచ్చారు. విప్లవం తర్వాత ఫ్రాన్స్ పిల్లల మధ్య సమానత్వాన్ని పట్టుకుంది. తండ్రి తన ఇష్టానికి రాసుకోగలిగేది ఆస్తిలో కొంత భాగమే. జర్మనీలో చర్చ కుటుంబం చుట్టూ తిరిగింది. దగ్గరివాళ్లకు కనీస వాటా తప్పనిసరి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తండ్రి పెద్దవాళ్లయిన పిల్లలకు పైసా ఇవ్వకపోయినా వీలునామా చెల్లుతుంది. అయినా పెద్ద ఆస్తుల మీద పన్ను వేయాలన్న వాదం, అందరికీ సమాన అవకాశం అనే మాట మీద, అక్కడే బలంగా లేచింది. మూడూ పెట్టుబడిదారీ దేశాలే. చచ్చినవాడి సొమ్ము ఎవరికి చెందాలన్న ప్రశ్నకు మూడూ మూడు రకాలుగా జవాబిచ్చాయి. అందులో ప్రకృతి నియమం ఎక్కడుంది?

ఇంతకంటే సూటిగా కనిపించే సాక్ష్యం తెలుగు నేల మీదే ఉంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వ హయాంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది వర్తించింది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి మాత్రం ఆ హక్కు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో అక్క పెళ్లి ఆ ఏడాది వైశాఖంలో, చెల్లెలి పెళ్లి మరుసటి మాఘంలో జరిగి ఉంటే, చెల్లెలికి వచ్చే వాటా అక్కకు రాదు. చెల్లెలు పెట్టిపుట్టిందని ఊరు అనుకుని ఉండవచ్చు. ఆ ఇంటి భాగ్యాన్ని విడదీసింది శాసనసభలో రాసిన ఒక వాక్యం. దేశంలోని హిందూ కూతుళ్లందరికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆడపిల్లకు వాటా ఇచ్చిన ఆ 1985లోనే, చనిపోయినవాళ్లు వదిలిన పెద్ద ఆస్తుల మీద 1953 నుంచి ఉన్న పన్నును, ఎస్టేట్ డ్యూటీని, కేంద్రం ఎత్తేసింది. ఒక చేత్తో పుట్టుక భాగ్యాన్ని సరిచేయడం, ఇంకో చేత్తో దాన్ని స్థిరపరచడం ఒకే ఏడాదిలో జరిగాయి.

లోకం అన్యాయంగా నడుస్తోందని టీ కొట్టు దగ్గర ఎవరైనా చెబుతారు, దానికి విదేశంలో నాలుగేళ్ల చదువెందుకని అడగవచ్చు. అంతా అన్యాయమే అనడం కూడా అంతా కర్మే అన్నంత సోమరి జవాబు. రెండూ మనిషిని వెతుకులాట నుంచి తప్పిస్తాయి. ఏ నియమం, ఏ తేదీ, ఎవరి ముసాయిదా, ఎవరి ఒత్తిడి, దాన్నుంచి ఎవరు తప్పించుకున్నారు అని అడగడానికి ఓపిక కావాలి, పత్రాలు చదవడం రావాలి, తన ఊహ తప్పని తేలితే వదులుకునే శిక్షణ కావాలి.

అలాంటి చదువు తెలుగు పల్లెల దాకా వచ్చిన సందర్భం ఒకటుంది. కొలోన్ సంస్థలోనే డాక్టరేట్ చేసిన ఫిలిప్ మాడర్ సూక్ష్మ రుణాల రాజకీయ అర్థశాస్త్రం మీద 2015లో పుస్తకం ప్రచురించారు. ఆయన పరిశీలించిన ముఖ్య ఉదంతాల్లో ఆంధ్రప్రదేశ్ సంక్షోభం ఒకటి. 2006లో ముహమ్మద్ యూనస్‌కూ గ్రామీణ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చేసరికి, చిన్న అప్పు పేదరికానికి మందు అన్న మాట ప్రపంచమంతా వేదవాక్యమైపోయింది. వాయిదాలు దాదాపు నూటికి నూరు శాతం వసూలవుతున్నాయి కాబట్టి పేదలకు మేలు జరుగుతోందని నిరూపణ అయిందన్నారు. ఆ వసూళ్ల వెనక ఉన్నది గుంపు పూచీ. ఒకామె కిస్తీ కట్టలేకపోతే మిగతా సభ్యులు కట్టాలి. కట్టాల్సిన వాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు. ఒక సంస్థ కిస్తీ తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు, దాన్ని తీర్చడానికి మూడో అప్పు. అదే 2006లో కృష్ణా జిల్లా అధికారులు ఈ సూక్ష్మ రుణ సంస్థల శాఖలను మూయించడం రాబోయేదానికి హెచ్చరిక. 2010 ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన సూక్ష్మ రుణ సంస్థ ఎస్‌కేఎస్ షేర్లు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. అక్టోబరుకల్లా అప్పులవాళ్ల ఆత్మహత్యల వార్తల నడుమ రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది: సంస్థలు జిల్లాలో నమోదు కావాలి, వారం వారం కిస్తీలు కుదరవు, వసూలు పంచాయతీ కార్యాలయం లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి, వడ్డీ అసలును మించకూడదు. దాంతో వసూళ్లు కుప్పకూలాయి. అప్పటిదాకా మేలుకు నిరూపణగా చూపిన అంకె, వెనక ఉన్న ఒత్తిడి తీసేయగానే నిలవలేదు. మాడర్ వాదన సారం ఏమిటంటే, ఈ వ్యవస్థ పేదల శ్రమ ఫలాన్ని వడ్డీ రూపంలో పెట్టుబడి దాకా చేరవేసే కాలువను తవ్వింది. దీనిలో నన్ను అన్నిటికంటే కలతపెట్టేది ఆ అప్పు వెంట వచ్చిన తీర్పు. నీకు పెట్టుబడి ఇచ్చాం, అయినా పైకి రాలేదంటే లోపం నీదే. పూర్వజన్మ పాపం కన్నా ఈ తీర్పు క్రూరమైనది. ఆ పాపం కనీసం గుర్తులేని జన్మలో చేసింది. ఇది నిన్న మొన్నటి తప్పుగా అప్పు తీసుకున్నామె నెత్తినే పడింది.

ఇలా మాట్లాడటం శాస్త్రం కాదు, ప్రవచనం అని ఒక ఆక్షేపణ రావచ్చు. అది వెబర్ పేరు మీదే వస్తుంది. 1917 నవంబరు 7న మ్యూనిక్‌లో శాస్త్రం ఒక వృత్తిగా ఎలా ఉండాలో ప్రసంగిస్తూ, తరగతి గదిలో ప్రవక్త వేషం వేయవద్దని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ నియమం సరైనదే. అయితే ఉపాధ్యాయుడి మొదటి పని విద్యార్థులకు ఇబ్బందికరమైన వాస్తవాలను చూపించడమని, ప్రతి పక్షానికీ అలాంటివి ఉంటాయని కూడా ఆయన అదే ప్రసంగంలో అన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఉదంతంలో సూక్ష్మ రుణాల విమర్శకులకూ ఇబ్బందికరమైన వాస్తవాలున్నాయి. స్వయం సహాయక సంఘాల ద్వారా అప్పులిప్పిస్తున్న ప్రభుత్వం ఆ రంగంలో తానూ ఒక పోటీదారు. కొత్త అప్పులు ఆగిపోయాక అవసరం పడ్డ ఇళ్లకు పాత వడ్డీ వ్యాపారే దిక్కయ్యాడు. వీటిని దాచిపెట్టే పరిశోధన మళ్లీ ఒక మతమే అవుతుంది. ఆమె కష్టం ఆమె తప్పు అన్న మాట అబద్ధమని సాక్ష్యంతో తేల్చడం మాత్రం తీర్పు చెప్పడం కాదు. అప్పటికే అమలైన ఒక తీర్పును ఆధారం లేదని కొట్టేయడం అది.

రెండో ఆక్షేపణ మన వైపు నుంచి వస్తుంది. వెబర్ భారతదేశానికి రాలేదు, గ్రంథాల అనువాదాలు చదివి కర్మ సిద్ధాంతాన్ని విధివాదంగా కట్టిపడేశాడు అంటారు. అందులో నిజముంది. యోగవాసిష్ఠం మొదట్లోనే దైవం కన్నా పౌరుషం గొప్పదని వసిష్ఠుడు రాముడికి నూరిపోస్తాడు. పంట పోయిన రైతు కూడా కర్మ అని ఊరుకోడు; విత్తనం అమ్మిన వాణ్ని నిలదీస్తాడు, కాలువకు నీళ్లు వదలని ఇంజనీరును తిడతాడు. సిద్ధాంతంలో ఇంత సందు ఉన్నమాట నిజమే. అయితే ఆ సందు ఎవరికి తెరుచుకుందన్నది చూడాలి. ఆర్థికశాస్త్ర విద్యార్థిగా అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన అంబేద్కర్ 1916లో అక్కడి మానవశాస్త్ర సెమినార్‌లో కులాల పుట్టుక మీద వ్యాసం చదివారు. కులం పనులను మాత్రమే కాదు, పనిచేసేవాళ్లను కూడా మెట్లుగా విడదీసిందని ఇరవై ఏళ్ల తర్వాత తేల్చి చెప్పారు. పౌరుషం గొప్పదని రాజకుమారుడికి చెప్పిన సమాజమే మరొకడికి పౌరుషం చూపే చోటే లేకుండా చేసింది. గ్రంథంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, ఆ మాట ఏ వీధి దాకా వెళ్లిందన్నదీ అంతే ముఖ్యం. రెండోదాన్ని పట్టుకోవడానికి వ్యాఖ్యానం చాలదు, క్షేత్రంలో దిగాలి.

ఇక ఈ చదువు చదివేవాళ్ల సంగతి. ఎందరో దరఖాస్తు చేస్తే కొద్దిమందికే దక్కే సీటు చేతికొచ్చినప్పుడు, ఇది నా యోగ్యతే అనుకోవడం కన్నా సహజమైనది లేదు. వెబర్ ఆ మ్యూనిక్ ప్రసంగంలోనే విశ్వవిద్యాలయ జీవితాన్ని ఒట్టి జూదమన్నాడు. తనకు చిన్న వయసులోనే పీఠం రావడం అదృష్టం వల్లే తప్ప, తనతోపాటు అర్హులైనవాళ్లు లేక కాదని చెప్పాడు. ఆ జూదం ఇప్పటికీ ఆగలేదు. జర్మనీలో 2007 నాటి చట్టం పరిశోధకులను డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్ల దాకా తాత్కాలిక ఒప్పందాల మీద ఉంచుకోనిస్తుంది. దాని మీద 2021లో అక్కడి యువ పరిశోధకులు పెద్ద ఎత్తున గొంతెత్తారు. స్థిరమైన ఉద్యోగం దొరకనివాళ్లు తక్కువ చదివినవాళ్లని ఎవరూ నిరూపించలేదు. పేదవాడి పేదరికంలో నియమాల వాటా ఎంతో లెక్కగట్టే విద్యార్థి తన సీటు మీద కూడా ఆ లెక్క వేయవలసి ఉంటుంది: ఏ బడి, ఏ భాష, ఎవరి సిఫారసు లేఖ, ఏ పాస్‌పోర్టు. తెలుగు ఇళ్ల నుంచి విదేశాలకు చదువుల కోసం వెళ్లేవాళ్లలో ఈ దారి పట్టేవాళ్లు బహు తక్కువ. పట్టినవాళ్లు రాసేది ఇంగ్లీషులో. 2010 నాటి కిస్తీల గురించిన మంచి విశ్లేషణ ఆ కిస్తీలు కట్టినామె చదవగలిగే భాషలో కూడా ఉండాలి. ఆమె మీద పడిన తీర్పుకు ఆధారాలు లేవని మొదట తెలియవలసింది ఆమెకే.