సంచిలో చిన్న ప్యాకెట్

ఈ వ్యాసంలో మాట్లాడేది ఇద్దరే. ఒకాయన ఆదోని మార్కెట్ యార్డులో ఏళ్ళ తరబడి పత్తి కమీషన్ వ్యాపారం చేసినవాడు. ఇంకొకామె ఆయన అన్న కూతురు; ఆయన ఆమెను ‘పాప’ అంటాడు, ఆమె ఆయన్ని ‘చిన్నాయన’ అంటుంది. కర్నూలులో ల్యాబు ఉద్యోగం, క్రిముల్ని పెంచి ఏ మందుకు లొంగుతాయో చూడడం ఆమె పని. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్ళ నోట వచ్చే మందులూ సంవత్సరాలూ ఊళ్ళూ మాత్రం కల్పన కావు. పెద్దాయన మోకాళ్ళు అరిగిపోయాయి. బెంగుళూరులో మార్పిడికి తేదీ ఇచ్చారు. తీరా ముందు పరీక్షల్లో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడి ఆపరేషన్ వాయిదా పడింది. ఎమ్మిగనూరులో బంధువుల పెళ్ళిలో భోజనాలయ్యాక ఆయన జేబులోంచి నాలుగు మడతల కల్చర్ రిపోర్టు తీసి పాప ముందు పరిచాడు. ఒక వరుసలో మందుల పేర్లు. ఎదురుగా లొంగితే ‘ఎస్’, లొంగకపోతే ‘ఆర్’. పై నుంచి దాదాపు కింద దాకా ఆర్, ఆర్, ఆర్. ఆంపిసిలిన్‌కు ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆర్, సెఫ్ట్రియాక్సోన్‌కు ఆర్.

చిన్నాయన: మోకాలికీ మూత్రానికీ ఏం సంబంధం పాపా? ఇంజను రిపేరుకు పోతే టైరు బాగలేదని తిప్పి పంపినట్టుంది.

పాప: మూత్రంలో క్రిమి రక్తంలోకి వస్తే పోయి లోహానికి అతుక్కుంటుంది చిన్నాయనా. నీ కండకు రక్తం పారుతుంది, దాంట్లో తెల్లకణాలు కాపలా తిరుగుతాయి. లోహానికి రక్తమెక్కడిది? అక్కడ చేరిన క్రిములు జిగురు పొర కట్టుకొని దాని కింద కూర్చుంటాయి. ఆ పొర లోపలికి మందు సరిగ్గా దిగదు. ఒక్కోసారి పెట్టిన కీలు మళ్ళీ ఊడబీకాల్సి వస్తుంది. అందుకే కీలు అతికించే సిమెంటులోనే చాలామంది డాక్టర్లు జెంటామైసిన్ కలుపుతారు. నీ ఒంట్లో పెట్టబోయే యంత్రం యాంటీబయాటిక్ తోడు లేనిదే లోపలికి రాదు.

చిన్నాయన: ఇవన్నీ ఇంకెన్నాళ్ళులే. మనవడు వీడియో చూపించినాడు. అమెరికాలో 2024 జనవరిలో మనిషి మెదడులో చిప్పు పెట్టినారంట. ఇంకో పెద్దమనిషి, కర్జ్‌వైల్ అంట, కంటికి కనపడని యంత్రాలు రక్తంలో తిరిగి రోగాల్ని పట్టేస్తాయని ఎప్పటినుంచో చెప్తాండాడు. అప్పుడు ఈ ఆర్‌లూ ఎస్‌లూ ఎవరికి కావాల?

పాప: ఆ చిప్పు పెట్టాలన్నా పుర్రెకు రంధ్రం వేయాల్సిందే కదా. జన్యువులు సరిచేసే వైద్యం 2023 చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో అనుమతి పొందింది, సికిల్ సెల్ రోగానికి. సరిచేసిన కణాలు ఎక్కించే ముందు రోగి మూలుగను మందులతో ఖాళీ చేస్తారు. కొన్ని వారాలు తెల్లకణాలు దాదాపు ఉండవు. ఆ వారాల్లో మనిషిని కాచేది మళ్ళీ యాంటీబయాటిక్కే. క్యాన్సర్ మందైనా, కిడ్నీ మార్పిడైనా, సిజేరియనైనా అంతే.

చిన్నాయన: ఒకటి పోతే ఇంకోటి వస్తాది. నా చిన్నప్పుడు టైఫాయిడ్ అంటే క్లోరాంఫెనికాల్. తర్వాత సిప్రో వచ్చింది. తర్వాత సూదులు వచ్చినాయి. ఇప్పుడు కంప్యూటర్లే మందులు కనిపెడతాండాయంట.

పెద్దాయన మాట కొట్టిపారేసేది కాదు. కొత్త మందులు నిజంగానే వచ్చాయి, అందులో మన చెయ్యీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీలో పరిశోధనలు నడిపిన రోజుల్లోనే, ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతికి అది మొదటి మందు. 1948లో ఆ మందు బయటికొచ్చింది, ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. ఇంతవరకు మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటారు. తర్వాతి కథ ఎవరూ చెప్పరు. రెండేళ్ళు తిరక్కుండానే అదే లెడర్లీలో జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన మడ్డి కలిపిన దాణా తింటే కోళ్ళు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. రోగం లేని కోడికి రోజూ యాంటీబయాటిక్ వేయడం అక్కడ మొదలైంది. చివరి ఆయుధంగా డాక్టర్లు దాచుకున్న కొలిస్టిన్‌ను కూడా మన దేశంలో కోళ్ళకు వేస్తూ పోయారు. కేంద్రం నిషేధించేసరికి 2019 జులై వచ్చింది.

పాప: వచ్చినాయి చిన్నాయనా, కాదనను. ఎలా పోయినాయో కూడా చూడు. 1972లో కాలికట్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ వచ్చింది. 1990 నాటికి మూడు పాత మందులకూ ఒకేసారి లొంగనిది దేశమంతా పాకింది. సిప్రో అందుకున్నాం, అదీ పోయింది. అన్నట్టు, నీకు ఇది కొత్త కాదు. యార్డులో ఇదే కథ నువ్వు కళ్ళారా చూసినావు.

చిన్నాయన: పత్తి సంగతా?

పాప: పత్తి సంగతే.

చిన్నాయన: చూడకేం. ఒకప్పుడు శనగపచ్చ పురుగుకు సింథటిక్ మందులు కొట్టీ కొట్టీ అది చావడం మానేసింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం రైతులు నాశనమైపోయినారు. 2002లో పురుగును చంపే బీటీ విత్తనం వచ్చింది. 2006లో రెండు జన్యువులున్న బీటీ-2. మొదటి ఏండ్లు మా మండీకి వచ్చిన సరుకు చూడాల, పుచ్చు లేదు, మచ్చ లేదు. ఆ తర్వాత గులాబీ పురుగు. పూలు విచ్చుకోవు, గుడ్డి పూలంటారు. కాయ పైకి నున్నగా ఉంటాది, పగలగొడితే గింజలో పురుగు. ఆ గుడ్డిపత్తి తెచ్చి లాటు పెడితే టెండరులో రేటు రాసేవాడు లేడు.

పాప: గుజరాత్‌లో నాలుగు జిల్లాల్లో గులాబీ పురుగు మొదటి బీటీకి లొంగడం లేదని 2010లో కంపెనీనే ఒప్పుకుంది. ఇంకో అయిదేళ్ళకు బీటీ-2 కూడా దాని ముందు చేతులెత్తేసింది. ఎందుకో చెప్పు. విత్తనాల సంచిలో ఏముంటుండె?

చిన్నాయన: 450 గ్రాముల బీటీ విత్తనం. దాంతోపాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్టు, నాన్-బీటీ. చేను చుట్టూ వరుసలు వేయమని. దాన్ని ఎవరేస్తారమ్మా? పురుగు తినే చెట్టును ఎరువేసి నీళ్ళు పెట్టి పెంచేదా? గట్టు మీద పారేసేటోళ్ళు. కొన్ని కంపెనీలు దాంట్లో కంది గింజలు పోసినాయి, కందులన్నా మిగిలినాయి.

కంది గురించి ఒక్క మాట. శనగపచ్చ పురుగు కంది తింటుంది కాబట్టి దానికి ఆ ఏర్పాటు కొంత పనికొస్తుంది. గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. రూలు కాగితం మీద బాగానే ఉంది, పురుగుకు మాత్రం చదువు రాదు.

పాప: ఆ చిన్న ప్యాకెట్టే అసలు మందు చిన్నాయనా. బీటీ చేలో వెయ్యి పురుగులు చచ్చి ఒకటి మిగిలిందనుకో. అది మొండిది. పక్క వరుసల్లో నాన్-బీటీ మీద మామూలు పురుగులు బతికుంటే ఆ మొండిది వాటితో జత కడుతుంది. పుట్టే పిల్లలు మళ్ళీ బీటీకి లొంగుతాయి. వరుసలు లేకపోతే మొండిది మొండిదాన్నే వెతుక్కుంటుంది. అమెరికాలో అరిజోనా రైతులు మొదట్నుంచీ ఆ వరుసలు వేసినారు. తర్వాత గొడ్డు పురుగుల్ని విమానాల్లోంచి వదిలినారు. 2018 అక్టోబరులో అక్కడి పత్తి నేలల్లో గులాబీ పురుగు లేదని ప్రకటించినారు.

చిన్నాయన: అయితే నా ఒంట్లో కూడా మామూలు క్రిముల్ని మేపమంటావు.

పాప: మేపుతూనే ఉండావు. నీ ఒంటి కణాలు 30 లక్షల కోట్లయితే, దాంట్లో కాపురముండే క్రిములు 38 లక్షల కోట్లని ఒక లెక్క. జలుబు చేసినప్పుడల్లా మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ తెచ్చుకుంటావు చూడు, జలుబు వైరస్‌కు అది ఏమీ చేయదు. పేగుల్లో లొంగే క్రిములు చస్తాయి, ఆ జాగాలో లొంగనివి ఇల్లు కట్టుకుంటాయి. లొంగే క్రిమి మన ఆస్తి. క్లోరాంఫెనికాల్ వాడకం తగ్గించిన కొన్నేళ్ళకు మన దేశంలో టైఫాయిడ్ క్రిమి మళ్ళీ దానికి లొంగడం మొదలుపెట్టింది. అన్ని మందుల్లోనూ ఇలా అవుతుందని చెప్పను. పురుగు తన మొండితనం తన పిల్లలకే ఇస్తుంది. క్రిమి పక్కనున్న వేరే జాతి క్రిమికి కూడా చేబదులు ఇస్తుంది.

ఇక్కడ నాకు ఒక ఆలోచన తెగడం లేదు. శరీరం ఎవరి సొత్తు వాళ్ళదని మనం నమ్ముతాం. రేపటి శరీరం గురించి కలలు కనేవాళ్ళు మరీ నమ్ముతారు: డబ్బున్నవాడు మోకాలు కొంటాడు, గుండె కొంటాడు, చిప్పు కొంటాడు. ఇవన్నీ ఒక్కడి డబ్బుతో వస్తాయి. క్రిమి లొంగడం ఒక్కడి డబ్బుతో రాదు. పెద్దాయన మోకాలు కుదురుకోవాలంటే ఆయన ముఖం కూడా చూడని పత్తి కూలీ జ్వరానికి ఏ మాత్ర మింగిందో, పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల వాగులో ఏం కలిసిందో అవి కూడా సరిగ్గా ఉండాలి. ఒంటికి గట్టు వేసుకోవడం కుదరదు.

చిన్నాయన: ఒకటి అడుగుతా. అరిజోనా రైతుకు వందల ఎకరాలు, అయిదో వంతు పురుగుకు వదిలేస్తాడు. మా కౌతాళం, కోసిగి పక్క రెండెకరాల వాడు ఎట్ల వదులుతాడు? జ్వరమొచ్చిన ఆడమనిషి ఒకరోజు ఇంట్లో పండుకుంటే కూలి పోతాది. షాపువాడు షీటు కత్తిరించి రెండు మాత్రలు ఇస్తాడు, సాయంత్రానికి లేచి పనికి పోతాది. ఆ మనిషితో నువ్వు ‘లొంగే క్రిమి మన ఆస్తి’ అంటావా? నా మోకాలి కోసం ఆమె జ్వరంతో పండుకోవాలనా?

పాప కాసేపు మాట్లాడలేదు. ఆ షీటు సంగతి ఆమెకు బాగా తెలుసు. యాంటీబయాటిక్ షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చీటీ లేకుండా వాడొద్దని. కత్తెర పడ్డాక గీతా పేరూ షాపువాడి దగ్గరున్న ముక్కలో ఉండిపోతాయి, కూలీ మనిషి చేతికి రెండు గుంతల అల్యూమినియం వస్తుంది. ఏం మింగిందో ఆమెకే తెలియదు. కొన్ని మందులకు చీటీ తప్పనిసరి చేస్తూ, అమ్మకాన్ని పుస్తకంలో రాయాలనే హెచ్-1 నిబంధన 2014 మార్చి నుంచి ఉంది.

పాప: అనను. ఆ వరుసలు ఆమె చేలో వేయమనడం అన్యాయమే. ఆమెకు కావాల్సింది జ్వరం రాకపోవడం. కాలువ నీళ్ళు శుద్ధి చేసి, మురుగు కలవకుండా పైపులో వస్తే సగం టైఫాయిడ్ ఊళ్ళోకే రాదు. మిగతా దానికి టీకా ఉంది. ఇంకో హైదరాబాద్ ఉంది, తెలుసా, పాకిస్తాన్‌లో సింధులో? 2016లో అక్కడ టైఫాయిడ్ దాదాపు అన్ని మందులకూ మొండికేసింది. 2019లో పాకిస్తాన్ తన పిల్లలకు టీకాలు వేయడం మొదలుపెట్టింది. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో. రాని జ్వరానికి మాత్ర అక్కర్లేదు. భవిష్యత్తు ఒళ్ళు అని నువ్వు చెప్పే చిప్పు కంటే ఈ సూదే నాకు గొప్ప యంత్రంగా కనిపిస్తుంది.

చిన్నాయన: ఆ హైదరాబాద్ పక్కనే కదా పటాన్‌చెరు.

పాప: అదీ చెప్తా. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్ళు పరీక్షించినారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు అక్కడికి చేరుతుండె. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలు పోతుందని అంచనా; స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత. ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్ ఇంతకు మించకూడదని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు.

చిన్నాయన: చూసినావా. కూలీ ఆడమనిషికి ఎర్రగీత, వాళ్ళకు గీత లేదు. సరే, కొత్త మందు ఎందుకు రాదో అదన్నా చెప్పు. కంపెనీలకు లాభమే కదా.

పాప: లాభం లేదు. మంచి కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టరు బీరువాలో దాస్తాడు, వేరే దారి లేనప్పుడే తీస్తాడు. అమ్ముడుపోని సరుకు ఎవడు తయారు చేస్తాడు? అమెరికాలో అకావోజెన్ అనే కంపెనీ 2018లో కొత్త మందుకు అనుమతి తెచ్చుకొని 2019లో దివాలా తీసింది. అందుకే బ్రిటన్‌లో 2022 నుంచి రెండు మందులకు కొత్త పద్ధతి పెట్టినారు. ఎన్ని డోసులు అమ్మినావని చూడరు. మందు సిద్ధంగా ఉంచినందుకు ఏడాదికింత అని కంపెనీకి కట్టేస్తారు.

చిన్నాయన: అంటే నాన్-బీటీ వరుసలు వేసినందుకు రైతుకు లెక్కగట్టి ఇచ్చినట్టు.

పాప: అదే. మన దగ్గర రైతుకూ ఇయ్యలేదు, కంపెనీకీ ఇయ్యలేదు.

చిన్నాయన: నాకిప్పుడు ఏం మందు మిగిలింది?

పాప రిపోర్టును కింది నుంచి చదివింది. చివరి వరుసల్లో రెండు మూడు ఎస్‌లున్నాయి. ఒకటి నైట్రోఫ్యూరంటోయిన్. 1950ల నాటి మందు, చవకది. కొత్తవి వచ్చాక చాలామంది డాక్టర్లు దాన్ని మరిచిపోయారు. ఎక్కువగా వాడకపోవడం వల్లే అది ఇంకా పనిచేస్తోందని ఆమె చెప్పింది. నీకిది సరిపోతుందో లేదో మీ డాక్టరే తేల్చాలి, షాపుకు పోయి కొనుక్కోవద్దని కూడా చెప్పింది.

చిన్నాయన: రేపట్నుంచి అందరూ దీని మీదే పడితే?

పాప: ఇదీ పోతుంది.

చిన్నాయన: అయితే అమ్మకుండా దాచినోడికే డబ్బియ్యాల. బ్రిటనోళ్ళది మంచి బేరమే. మధ్యలో కమీషన్ ఎంతో కనుక్కో పాపా.